పడవ నడుమ పెట్టె బిగించే ముందు

ఎగువన ఆల్మట్టి, నారాయణపూర్ నిండి జూరాల గేట్లు లేచాయంటే ముందు శ్రీశైలం జలాశయం, ఆ తరువాత నాగార్జునసాగర్ ఎర్రబడతాయి. ఆ ఎర్రనీళ్లు రాకముందే పడవలను ఒడ్డుకు లాగి, పగుళ్లు పూడ్పించి, రంగులు వేయించుకోవడం మన దగ్గర అలవాటు. సాగర్ వెనుక జలాల ఒడ్డున నేను చేసే పని అదే, ఫైబర్ పడవల మరమ్మతు. ఈమధ్య మరమ్మతుతో పాటు ఇంకొకటి అడుగుతున్నారు: "పడవ నడుమ స్టీరింగ్ పెట్టె కట్టి ఇవ్వండి, పైన నీడకు కప్పు కూడా వేయండి." సముద్రం పడవల్లో కన్సోల్ అంటారే, అదే. వేటకు విరామం ఉన్న ఈ రోజుల్లోనే ఈ పని ముగించుకోవాలని అందరికీ తొందర. ఆ తొందరలో చూడకుండా వదిలేస్తున్న సంగతులు కొన్ని ఉన్నాయి. వాటి కోసమే ఇది రాస్తున్నాను.

పెట్టె వల్ల మేలు ఉంది. ఉంది కాబట్టే నేనూ కడుతున్నాను. మామూలు పడవలో మోటారు వెనకే, దాని పిడి పట్టుకునే మనిషీ వెనకే, పెట్రోలు డబ్బా కూడా అక్కడే. సాగర్ ఒడ్డున ఉన్న వైజాగ్ కాలనీ జాలర్లు అమరం అనే ఆ వెనక భాగం బరువుకు కుంగుతుంది, అనియం అనే ముందు కొన పైకి లేస్తుంది. లేచిన కొన ఎదురుగా ఏముందో కనపడనివ్వదు. మన జలాశయాల్లో ఎదురుగా ఉండేది ఒట్టి నీరు కాదు. సాగర్ అడుగున పాత ఊళ్ల మొండిగోడలు, ఏలేశ్వరం చుట్టూ రాళ్లు. శ్రీశైలం వెనుక జలాల్లో సోమశిల వైపు చెట్ల మోడులు. నీటి మట్టం రోజురోజుకూ మారే కాలంలో నిన్న జానెడు పైకి కనిపించిన మోడు ఇవాళ బెత్తెడు లోపల ఉంటుంది. నడుమ నిలబడి చక్రం తిప్పే మనిషికి అది ముందుగా కనపడుతుంది. పెట్టెకు ఇరువైపులా దారి వదిలితే వల లాగుతూ పడవ చుట్టూ తిరగవచ్చు. ఇవన్నీ నిజమైన లాభాలే.

ఇక నష్టం సంగతి. అది నాకు నా బావ పడవ మీద తెలిసింది. ఇరవై రెండు అడుగుల పొడవు, నాలుగున్నర అడుగుల వెడల్పు ఉన్న సన్న పడవ. అడిగినట్లే పెట్టె కట్టాను, ఇనుప గొట్టాలతో కప్పు కూడా నిలబెట్టాను. నీళ్లలోకి దించితే అందంగా ఉంది. మూడో రోజు బావ, అతని తమ్ముడు ఒకే పక్క వంగి వల లాగుతుంటే పడవ వాలింది, వాలినది ఆగలేదు. అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. వల వదిలేసి ఒకరు అవతలి పక్కకు పడిపోవడంతో పడవ నిలిచింది. ఒడ్డుకు వచ్చాక బావ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంతకు ముందు ఇద్దరం ఇలాగే లాగేవాళ్లం కదా, ఇప్పుడేమైంది?" అని మాత్రం అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

జవాబు కోసం కప్పు, పెట్టె రెండూ విప్పాము. రేవులో చేపలు తూచే వేలాడే కాటాకే ఒక్కో భాగాన్ని తగిలించాము. బొచ్చెలు, రవ్వలు వేలాడిన కొక్కేనికి నేను కట్టిన పెట్టె వేలాడింది. పెట్టె, చక్రం, పీట కలిపి 45 కిలోలు. గొట్టాలు, కప్పు 30 కిలోలు. పడవ, మోటారు, ఇద్దరు మనుషులు, వల అన్నీ కలిపి అంతకు ముందు సుమారు 700 కిలోలు. డెబ్బై అయిదు కిలోలు పెరిగితే ఏమవుతుంది, ఒక మనిషి ఎక్కువ ఎక్కినట్లే కదా అని మేమూ అనుకున్నాము. కానీ మనిషి అడుగున కూర్చుంటాడు. కప్పు తల మీద నిలబడుతుంది.

లెక్క ఇలా చూడాలి. బడిలో గరిమనాభి అని చదువుకున్నాము, పడవ బరువంతా ఒక్క చోట ఉన్నట్లు భావించే బిందువు. కొత్త వస్తువు బరువును, ఆ బిందువుకు అది ఎంత ఎత్తున ఉందో ఆ ఎత్తుతో హెచ్చించి, మొత్తం బరువుతో భాగిస్తే ఆ బిందువు ఎంత పైకి జరిగిందో తెలుస్తుంది. పెట్టె 45 కిలోలు, ఎత్తు 60 సెంటీమీటర్లు: బిందువు మూడున్నర సెంటీమీటర్లు పైకి పోతుంది. కప్పు 30 కిలోలే, కానీ ఎత్తు 170 సెంటీమీటర్లు: ఇంకో ఆరున్నర సెంటీమీటర్లు. తేలికైన కప్పు బరువైన పెట్టెకు దాదాపు రెట్టింపు చేటు చేసింది. ఇంకొకటి కూడా ఉంది, కూర్చుని నడిపే మనిషి ఇప్పుడు నిలబడి నడుపుతాడు. 65 కిలోల మనిషి లేచి నిలబడితే అతని బరువు ఒక 40 సెంటీమీటర్లు పైకి పోతుంది. అది కూడా పెట్టె అంత పని చేస్తుంది. పీట లేని పెట్టె నేను కట్టకపోవడానికి కారణం అదే. మోడులు ఉన్న చోట నిలబడండి, గాలి లేచిన చోట కూర్చోండి.

లెక్క కాగితం మీద కాకుండా నీటి మీద చూసుకునే పద్ధతి చెబుతాను. పని మొదలుపెట్టక ముందు ఒకసారి, పెట్టె బిగించాక ఒకసారి చేయాలి. గాలి లేని ఉదయం, నడుము లోతు నీటిలో, ఒడ్డుకు తాడు కట్టి, లైఫ్ జాకెట్ వేసుకుని చేయండి. మేస్త్రీలు గోడ నిలువు చూసుకునే గుండును మీటరు దారంతో పడవ నడుమ ఒక కర్రకు వేలాడదీయండి. గుండు కింద అడ్డంగా ఒక స్కేలు పెట్టండి. ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలు మూడు, అంటే 60 కిలోలు, సరిగ్గా నడుమ ఉంచి గుండు ఎక్కడుందో గుర్తు పెట్టుకోండి. తరువాత మూడింటినీ అంచు వైపు 60 సెంటీమీటర్లు జరపండి. గుండు ఎంత జరిగిందో చూడండి. రెండుసార్లూ మనుషులు అదే చోట కూర్చోవాలి, లేకపోతే కొలత చెడుతుంది.

బావ పడవ ఒట్టిగా ఉన్నప్పుడు గుండు 14 సెంటీమీటర్లు జరిగింది. పెట్టె ఒక్కటే బిగిస్తే 16. కప్పు కూడా ఎక్కిస్తే 21. ఆ మూడు అంకెలు ఇప్పటికీ నా షెడ్డు తలుపు మీద సుద్దతో రాసి ఉన్నాయి. పెట్టె ఉంచాము, కప్పు తీసేశాము. అప్పటి నుంచి నేను పాటించే హద్దు ఒకటి ఉంది: మొదటి కొలత మీద పావు వంతు కంటే ఎక్కువ పెరిగితే ఆ మార్పు ఆ పడవకు వద్దు. ఇది నా అనుభవం మీద పెట్టుకున్న హద్దే, ఇంకా తగ్గించుకుంటానన్నా మంచిదే. అయిదున్నర, ఆరు అడుగుల వెడల్పున్న పడవ అదే కప్పును సులువుగా మోయవచ్చు. వెడల్పు కాస్త తగ్గినా నిలకడ చాలా తగ్గుతుంది, అందుకే పక్కవాడి పడవకు సరిపోయింది కదా అని మీ పడవకు బిగించవద్దు.

గుండు, స్కేలు లేకపోతే ఇంకో మార్గం ఉంది. పడవను పక్కకు ఊపి వదిలి, పది ఊపులకు ఎంత సేపు పడుతుందో ఫోనులో చూసుకోండి. బావ పడవకు ముందు 18 సెకన్లు పట్టింది, కప్పు ఎక్కాక 25. ఊపు నిదానమైతే ప్రాణానికి హాయిగా ఉంటుంది, పడవ బరువెక్కి కుదురుకుంది అనిపిస్తుంది. అదే మోసం. నిదానంగా ఊగే పడవ తిరిగి లేవడానికి బద్ధకిస్తోందని అర్థం.

ఈ పరీక్ష ఖాళీ పడవతోనే చేయాలి. చేపలు అడుగున ఉంటే బరువు కిందికి దిగి పడవ నిలకడగా తోస్తుంది. వేటకు వెళ్లేటప్పుడు, చేపలు పడక తిరిగి వచ్చేటప్పుడు ఆ బరువు ఉండదు. ఆ తరువాత నిండు బరువుతో కూడా ఒకసారి అంచు నీటికి ఎంత ఎత్తున ఉందో చూడండి. అడుగున చేరిన నీటిని తోడేసి చూడండి. పక్క నుంచి పక్కకు కదిలే నాలుగు బకెట్ల నీళ్లు పడవ ఎటు వాలితే అటే పరుగెత్తి వాలును పెంచుతాయి.

కప్పు గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే జనం వదులుకోలేనిది అదే. ఎండ భయం నాకు తెలుసు, నల్లగొండ ఎండలో రోజంతా నీటి మీద ఉండేవాళ్లకు నీడ విలాసం కాదు. కానీ వాన మొదలవగానే ఆ కప్పుకు పక్కల టార్పాలిన్ కడతారు. గంటకు 60 కిలోమీటర్ల ఈదురుగాలి నిటారు గుడ్డ మీద చదరపు మీటరుకు సుమారు 20 కిలోల బలంతో తోస్తుంది. రెండు చదరపు మీటర్ల టార్పాలిన్ మీద 40 కిలోలు, అదీ తల ఎత్తున. ఒక మనిషి నడుమ నుంచి అంచు దాకా జరిగితే పడవ ఎంత వాలుతుందో గాలి ఒక్కటే అంత వాలుస్తుంది. గాలి వేగం సగం అయితే తోపు నాలుగో వంతుకు పడిపోతుంది, అందుకే మామూలు రోజుల్లో ఏమీ తెలియదు. నల్లమల కొండల సందుల్లో నుంచి గాలి చెప్పి రాదు. నీడ కావాలంటే మడిచి పడుకోబెట్టే గుడ్డ కప్పు, సన్న అల్యూమినియం గొట్టాలతో, పక్కల తెరలు లేకుండా వేయించుకోండి. మబ్బు పట్టగానే దించేయండి. అదీ గుండు పరీక్షలో నెగ్గితేనే.

పెట్టెను కూడా తక్కువ ఎత్తులో కట్టించుకోండి. చక్రం పొట్ట ఎత్తున ఉంటే చాలు, ఛాతీ దాకా అక్కర్లేదు. బ్యాటరీ పాతిక కిలోల దాకా తూగుతుంది. దాన్ని పెట్టె పై అరలో పెడితే చేటు, అడుగు పలక మీద కదలకుండా కట్టేస్తే మేలు. పెట్టె మూలలు గుండ్రంగా, కొక్కేలూ మేకు తలలూ బయటికి రాకుండా ఉండాలి. వల పరుగెత్తేటప్పుడు ఒక్క మేకు తల పట్టుకుంటే చాలు, పడవ ఆ పక్కకు ఒరుగుతుంది. రెండు పక్కలా మనిషి నేరుగా నడిచేంత దారి లేకపోతే ఆ పడవకు పెట్టె పట్టదని ఒప్పుకోండి. దారి కోసం పెట్టెను ఒక పక్కకు జరిపి బిగించిన పడవను చూశాను. అది నిలబడి ఉన్నప్పుడే ఒరిగి ఉంటుంది.

బిగింపు దగ్గర చాలామంది స్క్రూలతో సరిపెడతారు. అది చాలదు. అడుగు పలక కింద ఉన్న అడ్డ పట్టీల మీదికి వచ్చేలా చూసి, పలక గుండా అవతలికి పోయే స్టెయిన్‌లెస్ బోల్టులు వేసి, కింద వెడల్పాటి ప్లేటు ఆనించాలి. వేసే ప్రతి రంధ్రం నీటికి దారి. ఫైబర్ పొరల మధ్య ప్లైవుడ్ ఉన్న పడవల్లో ఆ దారిన నీరు చేరి చెక్క కుళ్లుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతుంది. రంధ్రం చుట్టూ చెక్క అంచుకు రెజిన్ పట్టించి, ఆరాక పడవలకు వాడే సీలెంట్ పెట్టి బిగించండి. స్నానాల గదులకు వాడే సిలికాన్ ఇక్కడ నిలవదు. పాత పడవ అయితే ముందే రూపాయి నాణెంతో అడుగు పలకంతా తట్టి వినండి. గట్టి చోట టకటకమంటుంది, చెడిన చోట మొద్దుగా పలుకుతుంది. మొద్దుగా పలికిన చోట బోల్టు వేయకండి.

పెట్రోలు ట్యాంకును పెట్టె లోపల దాచాలనే ఆలోచన అన్నింటికంటే ప్రమాదం. పెట్రోలు ఆవిరి గాలి కంటే బరువు, అడుగున పేరుకుంటుంది. అదే పెట్టెలో బ్యాటరీ, స్విచ్చులు ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. ట్యాంకు వేరే చోట, గాలి ఆడే చోట ఉంచండి. బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయించండి. పెట్టెకు కింద, పైన గాలి రంధ్రాలు పెట్టించండి.

నడిపే మనిషి వెనక నుంచి నడుముకు మారాడు కాబట్టి పడవ ముందు భాగం కొంత దిగుతుంది. మోటారు ఫ్యాను, అంటే నీటిని తోసే రెక్కలు, నీటిలో సరిగ్గా మునుగుతోందో లేదో చూసి మోటారు వంపు మళ్లీ సరిచేయించుకోండి. స్టీరింగ్ కేబులు మెలిక పడకుండా పోవాలి. అది తెగిన రోజు కోసం రెండు తెడ్లు పడవలోనే ఉండాలి. మోటారును ఆపే తాడు మణికట్టుకు కట్టుకోవడం మరవద్దు. నడిపేవాడు నీటిలో పడితే మోటారు ఆగాలి, లేకపోతే పడవ గుండ్రంగా తిరిగి అతని మీదికే వస్తుంది. లైఫ్ జాకెట్లకు పెట్టెలో చక్కటి అర కుదురుతుంది, కానీ జాకెట్ ఉండాల్సింది ఒంటి మీద.

పుట్టికి మాత్రం ఇవేవీ వద్దు. మక్తల్, కృష్ణ మండలాల వైపు నుంచి ఫైబర్ పుట్టికి పెట్టె పడుతుందా అని అడిగినవాళ్లున్నారు. గుండ్రటి పుట్టిలో మనుషులు అడుగున కూర్చోవడమే దాని నిలకడ. అందులో నిలబెట్టేది ఏదైనా దాన్ని బోల్తా కొట్టిస్తుంది. పెట్టె కట్టిన చేపల పడవలో జాతరకో పెళ్లికో జనాన్ని ఎక్కించడం కూడా వద్దు. 2007 జనవరిలో సింగోటం జాతర రోజుల్లో కొల్లాపూర్ దగ్గర మంచాలకట్ట వద్ద పడవ మునిగి పదుల సంఖ్యలో జనం పోయారు. ఆ తీరంలో ఆ మాట ఎత్తితే ఇప్పటికీ గొంతులు తగ్గుతాయి.

వరద రోజుల్లో గేట్ల దిగువన, పుట్టంగండి లాంటి పంపుల కాలువల నోటి దగ్గర ఎంత మంచి పడవైనా నిలవదు, అటు వెళ్లవద్దు. కొత్త పెట్టెతో మొదటి వారం ఒడ్డు కనపడేంత దూరంలోనే వేట చేయండి, ఇద్దరూ ఒకే పక్క వంగకండి. వారం తిరిగాక పడవను ఒడ్డుకు లాగి బోల్టులన్నీ మళ్లీ బిగించండి, రూపాయి నాణెంతో అడుగు పలక మరోసారి తట్టి వినండి, నీళ్ల డబ్బాలతో గుండు కొలత మళ్లీ తీసి మొదటి అంకె పక్కన రాసుకోండి.