వినగానే ఏ భాషో చెప్పడం – 4వ పాఠం: మాట చివరి 'ఆ'

పోయిన పాఠంలో ఒక రాళ్లకుప్ప దగ్గర ఆగాం. ఆదికాండము 31:47లో లాబాను దాన్ని యగర్ శాహదూతా అంటాడు, యాకోబు గలేదు అంటాడు. రెండిటికీ అర్థం సాక్ష్యపు కుప్ప అనే. ఏది ఏ భాషో చెప్పమన్నాను కదా: లాబానుది అరామిక్ (హీబ్రూకు దగ్గరి చుట్టమైన పాత భాష), యాకోబుది హీబ్రూ. లాబాను యాకోబుకు మేనమామ, ఆపైన పిల్లనిచ్చిన మామ. అంత దగ్గరివాళ్లు కూడా హద్దు పెట్టుకునే వేళకు ఎవరి భాషలో వాళ్లు పేరు పెట్టుకున్నారు.

ఇప్పుడు 'శాహదూతా' అని పైకి అనండి. చివర నోరు తెరుచుకుంది కదా, ఇవాళ్టి పాఠమంతా ఆ దీర్ఘం గురించే.

రెండు భాషల్లోనూ రాజు 'మెలెఖ్'. ఎవరో ఒక రాజు కాదు, ఫలానా రాజు అని చెప్పాలంటే హీబ్రూ మాటకు ముందు 'హ' చేరుస్తుంది: హమ్మెలెఖ్. అరామిక్ చివర 'ఆ' చేరుస్తుంది: మల్కా. మనం 'ఆ రాజు' అంటాం. అరామిక్‌వాళ్లు ఆ 'ఆ'ను తీసుకెళ్లి తోకకు కట్టారనుకోండి, ఇక మరిచిపోరు.

రాజును దీవించే పలుకు ఒకటి రెండు భాషల్లోనూ దొరుకుతుంది. మూడేసిసార్లు పైకి చదవండి.

నెహెమ్యా 2:3, హీబ్రూ: హమ్మెలెఖ్ లెఓలామ్ యిహ్యె.
దానియేలు 2:4, అరామిక్: మల్కా, లెఆల్మీన్ హెయీ.

రెండూ రాజు కలకాలం బతకాలనే. మొదటిదాంట్లో తల దగ్గర 'హ', రెండోదాంట్లో తోక దగ్గర 'ఆ'. 'ఆల్మీన్' చివరి 'ఈన్' అరామిక్ బహువచనం. హీబ్రూలో ఆ చోట 'ఈమ్' ఉంటుంది, దేవుణ్ని చెప్పే ఎలోహీమ్‌లో లాగా. దానియేలు గ్రంథం హీబ్రూలో మొదలై, సరిగ్గా ఈ పలుకు దగ్గర అరామిక్‌లోకి తిరిగి, 7వ అధ్యాయం చివరిదాకా అలాగే సాగుతుంది. తెలుగు అనువాదం 'సిరియా భాషతో' (అంటే అరామిక్‌లో) అని ఒక మాట చెప్పి ఊరుకుంటుంది, మలుపు మన చెవికి తగలదు. ఇక నెహెమ్యా పారసీక రాజుతో హీబ్రూలో మాట్లాడాడని నేననుకోను. ఆ సామ్రాజ్యంలో దఫ్తరు భాష అరామిక్. ఆయన గ్రంథం హీబ్రూలో ఉంది కాబట్టి మాట కూడా అందులోనే నిలిచింది.

ఇక్కడొక గుంట ఉంది, చాలామంది పడతారు. హీబ్రూలో ఆడవాళ్లను చెప్పే మాటలు కూడా 'ఆ'తో ముగుస్తాయి. అందుకని 'మల్కా' అన్న శబ్దమే హీబ్రూలో రాణి, అరామిక్‌లో ఆ రాజు! అరామిక్‌లో ఆ రాణి అంటే మల్కెతా. కాబట్టి చివర 'ఆ' వినబడగానే తీర్పు చెప్పేయకండి, చుట్టుపక్కల మాటలు కూడా వినండి.

తలీతాకుమీ తీసుకోండి (మార్కు 5:41). 'కుమీ' అంటే లే. మనం ఎవరినైనా 'లే' అంటాం. వీళ్లు పిల్లవాడితో 'కుమ్', ఆడపిల్లతో 'కుమీ' అంటారు. అది హీబ్రూలోనూ అదే, కాబట్టి ఈ మాటను పట్టుకుంటే ఏ భాషో తేలదు. తేల్చేది 'తలీతా', చిన్నపిల్ల అనే అరామిక్ మాట. మంచం పక్కన ఒక పిల్లను లేపుతూ యేసు అన్న మాట ఇది, ఇంటి భాషలోనే వచ్చింది.

'అబ్బా తండ్రీ' (రోమా 8:15) ఇంకా తేలిక. హీబ్రూలో తండ్రి 'ఆవ్', అరామిక్‌లో 'అబ్బా'. 'నీ అబ్బ సొమ్మా' అని మనవాళ్లు అనే అబ్బకూ దీనికీ చుట్టరికం లేదు, వట్టి పోలికే. కొడుకు హీబ్రూలో 'బెన్', అరామిక్‌లో 'బర్'. ఇప్పుడు బెన్యామీనును, బర్తిమయిని విడదీయగలరు. బరబ్బ పేరులో బర్, అబ్బా రెండూ ఉన్నాయి.

ఒక చిక్కు. యేసును సిలువ వేసిన చోటు గొల్గొతా, అంటే పుర్రె. యోహాను 19:17 దాన్ని 'హెబ్రీ భాషలో' పేరంటుంది. మాట చివర చూస్తే అరామిక్ రూపం. హీబ్రూలో పుర్రె 'గుల్గోలెత్'. యోహాను తప్పు రాశాడనకండి, యూదులు మాట్లాడేదాన్ని గ్రీకులో రాసేవాళ్లు అలా కలిపి పిలిచేవాళ్లు. అలాగని అప్పటికి హీబ్రూ నోళ్లలోంచి పోయిందనే మాట కూడా నాకు మింగుడుపడదు. క్రీ.శ. 132–135లో రోముమీద యూదులు చేసిన తిరుగుబాటు నాయకుడు బార్ కోఖ్బా దగ్గరి ఉత్తరాలు యూదయ ఎడారి గుహల్లో దొరికాయి: కొన్ని అరామిక్, కొన్ని హీబ్రూ, కొన్ని గ్రీకు. ఆయన పేరులోనే బర్ ఉంది చూశారా!

అభ్యాసం:

1. 'కేఫా' (యోహాను 1:42) అంటే రాయి. చివరి 'ఆ' తీసేస్తే ఏం మిగులుతుంది?

2. 'అకెల్దమ' అంటే నెత్తుటి పొలం, అందులో రెండో ముక్క నెత్తురు. హీబ్రూలో నెత్తురు 'దామ్'. ఏది ఏ భాష, ఎలా తెలిసింది?

3. 22వ కీర్తన హీబ్రూలో 'ఏలీ ఏలీ లామా అజవ్‌తానీ' అని మొదలవుతుంది. మార్కు 15:34 'ఎలోయీ ఎలోయీ లామా సబక్తానీ' అంటుంది. రెండిట్లో కలిసే ముక్క, మారిన ముక్క విడివిడిగా రాసుకోండి. కలిసే 'తానీ'లో 'నువ్వు', 'నన్ను' రెండూ ఉన్నాయి. వచ్చే పాఠం అక్కణ్నుంచే.