చంద్రగిరి రాజమహల్ మ్యూజియం తీరిగ్గా చూడాలంటే

తిరుమల దర్శనం అయ్యాక ఒక పూట మిగిలింది కదా అని తిరుపతి పక్కనున్న చంద్రగిరి కోటకు వెళ్లి, రాజమహల్ ముందు నాలుగు ఫోటోలు దిగి వచ్చేసేవాళ్లే ఎక్కువ. మీరు అలా చేయకండి, రెండు మూడు గంటలైనా పెట్టుకోండి. శుక్రవారం మ్యూజియానికి సెలవు. తిరుపతి బస్టాండులో పీలేరు వైపు వెళ్లే బస్సెక్కితే చంద్రగిరిలో దింపుతుంది, అక్కడి నుంచి కోటకు ఆటోలో వెళ్లిపోవచ్చు.

లోపలికి వెళ్లే ముందు మహల్ చుట్టూ ఒకసారి నడవండి, ఎందుకంటే ఇక్కడ అన్నిటికంటే ముందు చూడాల్సింది ఆ భవనమే. మూడంతస్తులూ రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు, కలప వాడలేదు. కింద వరుసగా ఉన్న కమానుల్లో సుల్తానుల కట్టడాల తరహా కనిపిస్తుంది, తలెత్తి చూస్తే పైన మన గుడి శిఖరాలు. 1565లో తళ్లికోట యుద్ధంలో ఆ సుల్తానుల చేతిలోనే ఓడిపోయాక విజయనగర రాజధాని పెనుకొండకు, అక్కడి నుంచి చంద్రగిరికి మారింది. ఆ సంగతి గుర్తుపెట్టుకుని చూస్తే గోడలు వేరేగా కనిపిస్తాయి.

లోపల రాతి శిల్పాలు చాలా ఉన్నాయి, అన్నిటి దగ్గరా ఆగక్కర్లేదు. కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి విగ్రహాల దగ్గర మాత్రం నిలబడండి. ఇవి నమూనాలు, అసలువి తిరుమల గుడిలోనే మహాద్వారం దాటగానే ఉన్నాయి, కానీ అక్కడ క్యూలో వెనకవాళ్లు తోస్తుంటే ఎవరు చూడగలరు? ఇక్కడ ఎవరూ తోయరు. రాయలవారి తలమీది పొడవాటి టోపీ (కుళ్లాయి), జోడించిన చేతులు, రాణుల నగలు ఒక్కొక్కటీ దగ్గర నుంచి చూడండి. అంత పెద్ద రాజు తన బొమ్మను దేవుడికి దండం పెడుతున్నట్టే చేయించుకున్నాడంటే నాకు ఎన్నిసార్లు చూసినా ఒళ్లు పులకరిస్తుంది.

పక్కనున్న రాణి మహల్ చిన్నది, పది నిమిషాలు చాలు.

ఇంకో రోజు వీలుంటే తిరుమలలో ఎస్వీ (శ్రీవేంకటేశ్వర) మ్యూజియం కూడా చూడండి. అది ఈ కాలం భవనం, కాబట్టి గోడల సంగతి వదిలేసి నేరుగా వస్తువుల దగ్గరికి వెళ్లొచ్చు. ముందుగా అన్నమయ్య కీర్తనలు చెక్కిన రాగిరేకులు ఎక్కడున్నాయో అడగండి, మిగతావి తర్వాత. ఏ హాళ్లు తెరిచి ఉన్నాయో కొండ మీదే కనుక్కుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది.

ఎండాకాలమైతే చంద్రగిరికి పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నానికి ఆ కొండరాళ్ల వేడి తట్టుకోలేరు. పెద్దవాళ్లు వెంట ఉంటే మెట్ల దగ్గర తొందరపెట్టొద్దు, నీళ్ల సీసా మర్చిపోవద్దు.