కిక్ సిక్స్‌ను కోచ్ కళ్లతో చూడటం ఎలా

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో ‘కిక్ సిక్స్’ అని పేరుపడ్డ పరుగు ఇది. 2013 నవంబర్ 30, ఆబర్న్‌లోని జోర్డన్-హేర్ స్టేడియం. అలబామా, ఆబర్న్ 28-28తో సమానంగా ఉన్నాయి. ఆట అయిపోయిందనుకున్నాక రిఫరీలు రీప్లే చూసి గడియారంలో ఒక్క సెకను తిరిగి పెట్టారు. అలబామా 57 గజాల ఫీల్డ్ గోల్‌కు (బంతిని తన్ని గోల్‌పోస్టుల మధ్యకు పంపితే మూడు పాయింట్లు) సిద్ధపడింది. బంతి అంత దూరం చేరలేదు. ఎండ్ జోన్ (గోల్‌లైన్ వెనక ప్రాంతం) చివర కాచుకుని ఉన్న ఆబర్న్ ఆటగాడు క్రిస్ డేవిస్ దాన్ని పట్టుకుని, ఎడమ సైడ్‌లైన్ వెంబడి అవతలి ఎండ్ జోన్ దాకా ఉరికాడు, అంటే ఆరు పాయింట్ల టచ్‌డౌన్. ఆబర్న్ 34-28తో గెలిచింది.

రీప్లే మొదటిసారి ఎవరైనా డేవిస్‌నే చూస్తారు. కోచింగ్ కోసమైతే రెండోసారి చూడండి, ఈసారి డేవిస్‌ను వదిలేసి అలబామా తెల్ల జెర్సీలను లెక్కపెట్టండి. ఫీల్డ్ గోల్ జట్టులో స్నాపర్ (బంతిని వెనక్కి అందించేవాడు), అతనికి రెండు వైపులా వరసగా ఇద్దరు గార్డులు, ఇద్దరు ట్యాకిళ్లు, ఇద్దరు ఎండ్‌లు, ఇద్దరు వింగ్‌లు, హోల్డర్ (కిక్ కోసం బంతిని నిలబెట్టి పట్టుకునేవాడు), కిక్కర్ ఉంటారు. ముందు వరసలోని తొమ్మిది మందిలో చాలామంది భారీ లైన్‌మన్లు. వాళ్లను పెట్టేదే కిక్ బ్లాక్ కాకుండా గోడ కట్టడానికి. అలాంటి వాళ్లు డేవిస్ లాంటి కార్నర్‌బ్యాక్‌ను (రిసీవర్లను కాసే వేగమైన డిఫెండర్) వెంటాడాల్సి వచ్చింది. లైన్‌మన్లకు వేగం నేర్పలేం. ఏ దారిన పోవాలో మాత్రం నేర్పొచ్చు.

మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు. తొమ్మిది మందికి పంచితే మనిషికి ఆరు గజాలు. కాబట్టి ఆరేసి గజాల దూరంలో తొమ్మిది కోన్లు అడ్డంగా పెట్టండి, ఒక్కో కోన్ ఒక్కొక్కరిది. స్నాపర్, గార్డులు నేరుగా బంతి మీదికి పోవాలి. ట్యాకిళ్లు, ఎండ్‌లు తమ కోన్ గీత దాటి పక్కకు పోకూడదు. రెండు వింగ్‌లు సైడ్‌లైన్ల కాపలా: బంతి పట్టుకున్నవాడు ఎప్పుడూ వాళ్లకు లోపలి వైపే ఉండాలి, ఒక్కసారి కూడా బయటికి జారనివ్వకూడదు. హోల్డర్, కిక్కర్ వెనకాల పదిహేను గజాలు ఎడం ఉంచి బంతి ఉన్న వైపుకు కదలాలి.

అసలు తప్పు జరిగేది ఇక్కడే. బంతి ఎవరి చేతిలో పడితే వాడి మీదికి అందరూ బెల్లం చుట్టూ ఈగల్లా ముసురుతారు, ఒక సైడ్‌లైన్ ఖాళీ అవుతుంది. దాని పక్కనే ఇంకో తప్పు కూడా ఉంటుంది. కవరేజీ (బంతి పట్టుకున్నవాణ్ని ఆపడానికి పరిగెత్తడం) ధ్యాసలో పడి, కిక్ పోకముందే లైన్ వదిలేస్తే బంతి బ్లాక్ అవుతుంది. అదే ఆటలో నాలుగో క్వార్టర్‌లో అలబామా 44 గజాల కిక్ బ్లాక్ అయింది. అందుకని వరస ఇలా నేర్పండి: ముందు లోపలి కాలు వేసి గ్యాప్ మూయడం, తర్వాత కాలు బంతిని తాకిన ‘థడ్’ చప్పుడు వినడం, అప్పుడు పరుగు. బంతి ఎటు పోయిందో లైన్‌మన్‌కు వెంటనే తెలియదు కాబట్టి హోల్డర్ ‘షార్ట్, షార్ట్’ అని గట్టిగా అరవాలి. ప్రాక్టీసులో కిక్ గోల్ అయినా సరే ప్రతిసారీ అందరూ పది గజాలు పరిగెత్తాలి, లేకపోతే మ్యాచ్‌లో కాళ్లు కదలవు.

వారానికి పది నిమిషాలు, అందులో ఐదారు సార్లు చేయిస్తే చాలు. దీనికి కిక్కర్ కాలు అరగదీయక్కర్లేదు. స్నాప్, హోల్డ్ అయ్యాక కోచే గోల్‌లైన్ దగ్గర్నుంచి బంతిని చేత్తో వేగవంతమైన కుర్రాడికి విసిరితే సరిపోతుంది.

ఇక్కడ ఒక నిబంధన చాలామంది చిన్న జట్ల కోచ్‌లకు తెలియదు. అమెరికాలో ఎక్కువ రాష్ట్రాల హైస్కూల్ నిబంధనల ప్రకారం కిక్ గోల్‌లైన్ దాటగానే బంతి డెడ్, అంటే ఆట అక్కడితో ఆగిపోతుంది, ఎండ్ జోన్‌లోంచి పరుగు కుదరదు. టెక్సస్ హైస్కూళ్లు కాలేజీ నిబంధనలనే పాటిస్తాయి కాబట్టి డాలస్, హ్యూస్టన్ శివార్లలో పిల్లలు ఆడే తెలుగువాళ్లకు డేవిస్ పరుగు ఏదో అద్భుతం కాదు, శుక్రవారం రాత్రి స్కూల్ మ్యాచ్‌లో నిజంగా ఎదురయ్యే సంగతి. కాలేజీ నిబంధనలో ఎవరూ ముట్టుకోని మిస్డ్ ఫీల్డ్ గోల్‌కు బంతి మామూలుగా స్నాప్ చేసిన చోటికే వస్తుంది. కాబట్టి ఆట ఇంకా మిగిలుంటే దూరపు కిక్‌ను ముట్టుకోవద్దని రిటర్నర్‌కు (వెనక బంతి కోసం నిలబడేవాడికి) చెప్పండి. గడియారం సున్నా చేరితే పట్టుకుని పరిగెత్తమనండి, పోయేదేమీ లేదు. ఆబర్న్ కోచ్ గస్ మాల్జాన్ టైమౌట్ తీసుకుని, అంతకుముందు వెనక నిలబెట్టిన సేఫ్టీని (మరో డిఫెండర్) తప్పించి డేవిస్‌ను అక్కడ నిలబెట్టాడు. టైమౌట్‌ను అంత బాగా వాడుకోవడం అరుదు.

అంతకుముందు స్కోరు సమం చేసిన ఎత్తుగడ దీనికన్నా నేర్పడానికి మంచిది. 32 సెకన్లు మిగిలుండగా ఆబర్న్ క్వార్టర్‌బ్యాక్ (పాస్‌లు విసిరేవాడు) నిక్ మార్షల్ ఎడమ వైపు బంతితో పరిగెడుతున్నట్టే వచ్చాడు. అంతకుముందు ఆబర్న్ ఆటగాడు ట్రే మేసన్ పరుగులతో విసిగిపోయిన అలబామా కార్నర్‌బ్యాక్, దీన్నీ పరుగే అనుకుని ముందుకొచ్చాడు. మార్షల్ ఆఖరి క్షణంలో రిసీవర్ సామీ కోట్స్‌కు విసిరాడు, 39 గజాల టచ్‌డౌన్. కార్నర్ కళ్లు క్వార్టర్‌బ్యాక్ మీద ఉన్నాయి, రిసీవర్ మీద ఉండాల్సింది. లైన్‌మన్లను చూసినా మోసపోయేవాడే, ఎందుకంటే కాలేజీ ఆటలో పాస్ ఉన్నా వాళ్లు మూడు గజాల దాకా ముందుకు పోవచ్చు.

దీనికి డ్రిల్ చిన్నది. ఒక క్వార్టర్‌బ్యాక్, ఒక రిసీవర్, ఒక కార్నర్. క్వార్టర్‌బ్యాక్ ప్రతిసారీ పరుగులాగే మొదలుపెడతాడు. కోచ్ కార్నర్ వెనక నిలబడి రిసీవర్‌కు పిడికిలి చూపిస్తే బ్లాక్, అరచెయ్యి చూపిస్తే లోతుకు పరుగు. రిసీవర్ చేతులు తన ఛాతీకి తగిలేదాకా కార్నర్ ముందుకు అడుగు వేయకూడదు. ఎనిమిదిసార్లు చేయించండి, వరసగా నాలుగు బ్లాకులు వచ్చాక ఐదోది రిసీవర్ లోతు పరుగు పెట్టండి. ఐదోదానికే మోసపోతారు, అలబామా కూడా అలాగే పడింది.

ఇక కిక్కర్ సంగతి. 28-21తో ముందున్నప్పుడు ఆబర్న్ 13 గజాల గీత దగ్గర నాలుగో డౌన్‌లో (ఆఖరి ప్రయత్నంలో) గజం కావాల్సి ఉండగా, అలబామా ఫీల్డ్ గోల్ వేయకుండా పరుగుకే పోయి ఆగిపోయింది. పరుగు నిర్ణయం తప్పని అనలేం. అంతకుముందే కిక్‌లు మిస్సయ్యాయి కాబట్టి పది పాయింట్ల ఆధిక్యం కోసం కిక్కర్‌ను నమ్మలేని స్థితికి చేరడమే ఇబ్బంది. మీ కిక్కర్‌కు గురువారం ఒక కాగితం తయారుచేయండి: 25, 30, 35, 40 గజాలు, ప్రతి దూరానికీ ఎడమ, నడిమి, కుడి వైపుల నుంచి ఐదేసి కిక్‌లు. అరవై కిక్‌లు ఒకే రోజు వద్దు, రెండు రోజులకు పంచండి. ఐదింటికి నాలుగు పడని గడిని ఎర్ర పెన్‌తో కొట్టేయండి. శుక్రవారం సైడ్‌లైన్‌లో నిలబడ్డప్పుడు ఆ కాగితం మడిచి జేబులో ఉండాలి, గాలి ఎదురుగా ఉంటే ఐదు గజాలు తగ్గించుకుని చదవాలి.