సెకండ్ హ్యాండ్ కారుతో హైవే ఎక్కే ముందు

కొన్న మర్నాడే నెల్లూరు నుంచి ఒంగోలు అంటూ బయల్దేరకండి, ఓ వారం ఊళ్లోనే తిప్పండి. పాత బండికి పాత ఓనర్ చేసిన అలవాట్లుంటాయి. నా దాంట్లో క్లచ్ మీద కాలు కాస్త లేపగానే పట్టేస్తుంది. మినీ బైపాస్ సిగ్నల్ దగ్గర రెండుసార్లు ఆగిపోయి, వెనకవాళ్ల హారన్లు విన్నాక గానీ నా కాలికి అర్థం కాలేదు.

టైర్లకు గ్రిప్పు ఉంది కదా అని ఊరుకోవద్దు. టైరు పక్క భాగం మీద నాలుగంకెలు వెతకండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారం తయారీ. అంత పాతవైతే మే నెల ఎండలో హైవే మీద నేనైతే నమ్మను.

రాత్రి బండి కింద ఓ అట్టముక్క పరిచి పొద్దున చూడండి: నల్లటి మరకైతే ఇంజిన్ ఆయిల్, పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్, ఉత్త నీళ్లయితే ఏసీవి, వాటికి టెన్షన్ అక్కర్లేదు. కూలెంట్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తియ్యాలి, వేడి మీద తిప్పితే మొహాన చిమ్ముతుంది.

స్టెప్నీలో గాలి, జాకీ, పానా. ఒకసారి ఇంటి ముందే చక్రం విప్పి చూడండి, కావలి దాటాక చీకట్లో నట్టు బిగుసుకుపోతే ఎవర్ని పిలుస్తారు?

ఆర్‌సీ, ఇన్సూరెన్స్ మీ పేరుకు మారాయా? పాత ఓనర్ ఫాస్టాగ్ కూడా పీకేసి మీది అంటించండి.