డెన్మార్క్ జనాభా లెక్కల్లో పూర్వీకులను వెతకాలంటే: పేరు కాదు, ముందు ఊరు దొరకాలి

మా కోడలి ముత్తాత డెన్మార్క్ నుంచి అమెరికా వచ్చి స్థిరపడ్డాడు. ఆయన పుట్టిన కుటుంబం వివరాలు తెప్పిస్తానని ఒక ఏజెంటు డబ్బు కట్టించుకుని, చివరికి ఒకే ఒక పేజీ ఫొటో పంపాడు. ఆ పేజీని ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చని మాకు తర్వాత తెలిసింది. పైగా అందులో ఉన్నది ఆ ముత్తాత కాదు, పేరొక్కటే కలిసిన ఇంకెవరో. ఇంకొకరు అలా మోసపోకూడదని ఇది రాస్తున్నాను.

డెన్మార్క్ జాతీయ ఆర్కైవ్స్‌ను రిగ్సార్కివెట్ అంటారు. దాని వెబ్‌సైట్‌లో ఆర్కివేలియర్ ఆన్‌లైన్ అనే విభాగం ఉంది. ఇంటింటి పేర్లతో రాసిన జనాభా లెక్కలు 1787తో మొదలై 1940 దాకా అక్కడ దొరుకుతాయి. జనాభా లెక్కను వాళ్లు ఫోల్కెటెలింగ్ అంటారు. దానికి ఫీజు లేదు, లాగిన్ లేదు, దరఖాస్తు ఫారం కూడా లేదు. ఎవరైనా రిజిస్ట్రేషన్ ఫీజు అడిగితే అది ఈ రికార్డు కోసం కాదు, వాళ్ల కోసం.

పద్ధతి తేలికే. సంవత్సరం ఎంచుకోవాలి, తర్వాత అమ్ట్, అంటే జిల్లా. దాని కింద మన పాత తాలూకా లాంటి హెర్రెడ్, దాని కింద ఒక చర్చి పరిధిలోని ఊళ్లన్నీ కలిపిన సోగ్న్. పట్టణాలు విడిగా ఉంటాయి. కోపెన్‌హాగెన్‌లో వెతకాలంటే వీధి పేరు కావాలి. అది తెరిచాక పుస్తకం తిప్పినట్టు ఒక్కో పేజీ తిప్పుకుంటూ పోవాలి.

చిక్కంతా సోగ్న్ దగ్గరే. దాదాపు అందరూ అక్కడే ఆగిపోతారు.

పేరు తెలుసు కదా, పేరుతోనే వెతుకుదాం అనిపిస్తుంది. మనకు ఇంటిపేరు తరతరాలుగా మారదు కాబట్టి ఆ అలవాటు. పాత డెన్మార్క్ పల్లెల్లో అలా కాదు. హాన్స్ కొడుకు యెన్స్ అయితే అతను యెన్స్ హాన్సెన్. ఆ యెన్స్ కొడుకు పేదర్ మాత్రం పేదర్ యెన్సెన్. కూతురు మారెన్ అయితే మారెన్ యెన్స్‌డాటర్, పెళ్లయ్యాక కూడా పాత లెక్కల్లో చాలాసార్లు అదే పేరు. స్థిరమైన ఇంటిపేర్లు పెట్టుకోమని 1828లో ఆదేశం వచ్చినా పల్లెలు మారడానికి చాలా కాలం పట్టింది. కాబట్టి ఒకే జిల్లాలో పదిమంది యెన్స్ హాన్సెన్‌లు కనిపిస్తే కంగారు పడకండి, అది మామూలే. వాలంటీర్లు పేర్లు ఎక్కించిన డాన్స్క్ డెమోగ్రాఫిస్క్ డేటాబేస్ ఉంది, అదీ ఉచితమే. కానీ అన్ని సంవత్సరాలూ, అన్ని చోట్లూ అందులో లేవు. అక్కడ కనబడలేదంటే ఆ కుటుంబమే లేదని కాదు.

మరి సోగ్న్ ఎలా తెలుస్తుంది? ముందు అమెరికాలోనే వెతకండి: చర్చి పుస్తకం (బాప్తిస్మాలు, పెళ్లిళ్లు, మరణాలు రాసే రిజిస్టరు), పెళ్లి కాగితం, సమాధి రాయి, పత్రికలో వేసిన మరణ వార్త. అక్కడ డెన్మార్క్ అని మాత్రమే ఉంటే, 1869 నుంచి 1940 వరకు కోపెన్‌హాగెన్ పోలీసులు రాసిన వలస రిజిస్టర్లు చూడండి. వెళ్లే మనిషి చివరగా ఏ ఊళ్లో ఉన్నాడో అందులో ఉంటుంది. చివరగా ఉన్న ఊరు, పుట్టిన ఊరు ఒకటే కానక్కర్లేదు. కూలికీ పనికీ ఊళ్లు మారేవాళ్లు అక్కడా ఎక్కువే.

అసలు తాళంచెవి 1845 లెక్క. పుట్టిన చోటు అనే గడి మొదట వచ్చింది అందులోనే. 1840లోగానీ, 1834లోగానీ అది ఉండదు. పాతదాని నుంచి కిందికి రాకుండా, 1845 తర్వాతి లెక్కల్లో మనిషిని పట్టుకుని, ఆ గడి చూసి వెనక్కి వెళ్లాలి.

ఆ గడిలో చాలా చోట్ల 'హెర్ ఇ సోగ్నెట్' అని ఉంటుంది. అది ఊరి పేరు కాదు! ఈ సోగ్న్‌లోనే పుట్టాడు అని అర్థం. నేను మొదట్లో హెర్ అనే ఊరి కోసం మ్యాప్‌లో ఒక సాయంత్రమంతా వెతికాను. ఏ పేజీలో చూస్తున్నారో ఆ పేజీ సోగ్నే జవాబు. ఇంకో సోగ్న్ పేరు రాసి ఉంటే పక్కన అమ్ట్ పేరు కూడా చూసుకోండి. ల్యుంగ్‌బీ అనే పేరుతో ఒకటికి మించి సోగ్నులున్నాయి.

వయసు విషయంలోనూ జాగ్రత్త. పాత లెక్కల్లో చాలావాటిలో నడుస్తున్న ఏడును కలిపి రాస్తారు. మన పెద్దవాళ్లు 'ముప్పయ్యో ఏడు నడుస్తోంది' అన్నట్టన్నమాట. అక్కడ 30 అని ఉంటే పూర్తయినవి 29. ఒక ఏడాది తేడా చూసి వేరే మనిషి అనుకోవద్దు. పుట్టిన తేదీ పూర్తిగా కావాలంటే 1901 లెక్క తెరవాలి.

జర్మనీ సరిహద్దు దగ్గరున్న దక్షిణ యుట్లాండ్‌కు చెందిన కుటుంబమైతే 1870 నుంచి 1916 దాకా డేనిష్ లెక్కల్లో దొరకరు. 1864 యుద్ధం తర్వాత ఆ ప్రాంతం 1920 దాకా జర్మన్ల చేతిలో ఉంది. 1860 నుంచి నేరుగా 1921కి దూకాలి.

ఇక చేతిరాత. గోతిక్ అక్షరాలు చూసి చాలామంది మూసేస్తారు. అదొక పట్టిక, గడులు మారవు, ఒకే పదాలు పేజీ పేజీకీ వస్తుంటాయి. మా కోడలు మూడో రోజుకే సొంతంగా చదవగలిగింది. మనిషి దొరికిన వెంటనే సంవత్సరం, అమ్ట్, హెర్రెడ్, సోగ్న్, వెబ్‌సైట్‌లో ఆ పేజీ బొమ్మ నంబరు కాగితం మీద రాసి పెట్టుకోండి. తర్వాత చూడాల్సింది ఆ సోగ్న్ చర్చి పుస్తకం. అక్కడా అవే వివరాలు అడుగుతుంది.