కామిక్ పుస్తకాన్ని గ్రేడింగ్‌కి పంపాలంటే: ఏ కంపెనీకి, ఏ లెక్కన, ఏ జాగ్రత్తలతో

1974 నవంబరు తేదీతో వచ్చిన 'ఇన్‌క్రెడిబుల్ హల్క్' 181వ సంచికలో వుల్వరిన్ అనే సూపర్ హీరో మొదటిసారి పూర్తి పాత్రగా కనబడతాడు. ఆ సంచిక చేతికొస్తే తెలిసినవాళ్లు ముందు అట్ట చూడరు, లోపల పాఠకుల ఉత్తరాల పేజీ తిప్పుతారు. ఆ రోజుల్లో దాన్ని అచ్చువేసిన మార్వెల్ కంపెనీ వాళ్లు తమ పుస్తకాల్లో 'మార్వెల్ వాల్యూ స్టాంప్' అని చిన్న బొమ్మ వేసి, కత్తిరించి పోగుచేసుకోమనేవారు. ఎంతోమంది పిల్లలు కత్తిరించారు కూడా. ఆ కాస్త కాగితం లేకపోతే, అట్ట ఎంత నిగనిగలాడినా పుస్తకం ధర దారుణంగా పడిపోతుంది. గ్రేడింగ్ కంపెనీ వాళ్లు ప్రతి పేజీ లెక్కపెడతారు కాబట్టి అక్కడ ఎలాగూ బయటపడుతుంది. డబ్బు కట్టి తెలుసుకునే బదులు, పంపకముందే మీరు చూసుకోవాలి.

గ్రేడింగ్ అంటే పుస్తకం అసలుదేనా, మరమ్మతు జరిగిందా, ఏ స్థితిలో ఉంది అన్నవి బయటివాళ్లు తేల్చి చెప్పడం. 0.5 నుంచి 10.0 వరకు 25 మెట్లున్న కొలబద్ద మీద అంకె వేసి, పుస్తకాన్ని గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి, పైన లేబులు పెడతారు. ఆ పెట్టెనే స్లాబ్ అంటారు. కింది మెట్లలో ఒక మెట్టు తేడా పెద్ద విషయంగా కనిపించకపోయినా, పై మెట్లలో డబ్బంతా ఆ తేడాలోనే ఉంటుంది. ఈ మధ్యకాలపు పుస్తకాలైతే 9.8కీ 9.6కీ మధ్య ధర సగానికి సగం పడిపోవడం మామూలే. కంటికి మాత్రం ఆ తేడా వెన్ను మీద రెండు మూడు సన్నటి గీతలంత.

కొనేవాళ్ల వైపు నుంచి మొదలుపెట్టండి

చాలామంది అడిగే మొదటి ప్రశ్న 'ఏ కంపెనీ మంచిది' అని. అడగాల్సింది 'నా దగ్గరున్న ఈ పుస్తకం, నాకు వస్తుందనుకుంటున్న గ్రేడులో, ఈ కంపెనీ స్లాబులో ఈ మధ్య ఎంతకి పోయింది' అని. ఈబే అనే అమ్మకాల వెబ్‌సైట్‌లో అమ్ముడైనవాటిని మాత్రమే చూపించే ఫిల్టరు ఉంది, అది పెట్టి చూడండి. అమ్మకానికి పెట్టిన ధరలు ఆశలే కానీ ధరలు కావు. ఖరీదైన పాత పుస్తకాలకి హెరిటేజ్ ఆక్షన్స్ వెబ్‌సైట్‌లో పాత వేలంపాటల ఫలితాలు దొరుకుతాయి. ఒకే పుస్తకం, ఒకే గ్రేడు, వేర్వేరు కంపెనీల స్లాబులు పక్కపక్కన పెట్టి చూస్తే, మార్కెట్ ఏ లేబులుని ఎంత నమ్ముతోందో తెలిసిపోతుంది.

ఆ లెక్కలో ముందుండేది సీజీసీ అనే కంపెనీ. 2000లో మొదలైంది, ఫ్లోరిడా రాష్ట్రం సారాసోటాలో ఉంది. 2014లో ఈబేలో 32 లక్షల డాలర్లకి అమ్ముడుపోయిన 1938 నాటి 'యాక్షన్ కామిక్స్' మొదటి సంచిక సీజీసీ 9.0 స్లాబే. పెద్ద అమ్మకాల్లో ఎక్కువ భాగం వీళ్ల లేబులు మీదే నడుస్తాయి. తమ దగ్గర ఏ పుస్తకం ఏ గ్రేడులో ఎన్ని కాపీలు వచ్చాయో 'సెన్సస్' పేరుతో అందరికీ చూపిస్తారు. ఇది మీకు పనికొచ్చే ఆయుధం. కొత్త పుస్తకం ఏదైనా 9.8లో వేల కాపీలు అప్పటికే ఉంటే, మీ కాపీ కోసం ఎవరూ ఎదురుచూడరు.

రెండోది సీబీసీఎస్. సీజీసీని మొదట్లో నడిపించిన స్టీవ్ బోరాక్ 2014లో మొదలుపెట్టిన సంస్థ ఇది. గ్రేడింగ్ మీద గౌరవం ఉంది కానీ, అదే గ్రేడులో సీజీసీ స్లాబుకి వచ్చినంత ధర వీళ్లదానికి సాధారణంగా రాదు. వీళ్ల అసలు బలం సంతకాల్లో ఉంది, దాని సంగతి కింద చెబుతాం. ట్రేడింగ్ కార్డుల గ్రేడింగులో పేరు మోసిన పీఎస్ఏ కూడా 2025లో కామిక్స్‌లోకి దిగింది. కొత్తది కాబట్టి పోల్చి చూసుకోడానికి అమ్మకాలు తక్కువ. ఇవి కాక చౌకగా చేసే చిన్న కంపెనీలున్నాయి. వాటి స్లాబు కొన్నవాళ్లు చాలాసార్లు పగలగొట్టి, పెద్ద కంపెనీకి మళ్లీ పంపుతారు. అంటే మీరు ఆదా చేసిన డబ్బుని కొనేవాళ్లు మీ ధరలోనే తగ్గించుకుంటారు.

అమ్మే ఉద్దేశం లేదా? ఇంట్లో అల్మరాలో అందంగా, భద్రంగా ఉంటే చాలా? అప్పుడు ఈ ధరల లెక్క మీకు అంటదు. త్వరగా తిరిగి పంపేదెవరో, స్లాబు ఎవరిది నచ్చిందో చూసి పంపుకోవచ్చు.

లేబులు రంగులో ఉన్న సంగతి

సీజీసీలో నీలం లేబులంటే మరమ్మతులేమీ లేని మామూలు పుస్తకం. అందరూ కోరుకునేది ఇదే. ఊదా రంగైతే రంగు పూయడం, చిరుగు అతికించడం, ముక్క కలపడం లాంటి మరమ్మతు జరిగిందని. ఆకుపచ్చ లేబులు 'మిగతాదంతా ఇంత బాగుంది, కానీ ఫలానా పెద్ద లోపం ఉంది' అని చెప్పేది. స్టాంపు కత్తిరించిన హల్క్ 181కి పడేది సాధారణంగా ఇదే. పసుపు లేబులు సంతకాలకి.

సంతకం దగ్గరే కంపెనీ ఎంపిక నిజంగా మారిపోతుంది. సీజీసీ పసుపు లేబులు కావాలంటే, రచయితో చిత్రకారుడో సంతకం పెడుతుండగా వాళ్ల తరఫు సాక్షి కళ్లారా చూసి ఉండాలి. హైదరాబాద్ కామిక్ కాన్‌లో మీరు వరసలో నిలబడి పెట్టించుకున్న సంతకం ఎంత నిజమైనదైనా, సాక్షి లేకపోతే పసుపు లేబులు దారి మూసుకుపోయినట్టే. అలాంటి పాత సంతకాన్ని చేతిరాత నిపుణుల చేత పరీక్ష చేయించి ధ్రువీకరించే పద్ధతికి పేరు తెచ్చుకున్నది సీబీసీఎస్. అందుకే సాక్షి లేని సంతకం ఉంటే ముందు అటువైపు చూడండి. ధ్రువీకరణ లేకుండా పంపితే, అట్ట మీద ఎవరో పెన్నుతో రాసినట్టు లెక్కగట్టే ప్రమాదం ఉంది.

పంపకముందు మీరే గ్రేడు వేయండి

చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. గది లైటు ఆర్పి, ఒక టేబుల్ ల్యాంపుని పక్కనుంచి, అట్టకి దాదాపు సమాంతరంగా పడేలా పెట్టండి. నేరుగా పడే వెలుతురులో కనబడని వేలి నొక్కులు, మడతలు, అలలు ఏటవాలు వెలుతురులో బయటపడతాయి. తర్వాత వెన్ను చూడండి. అక్కడ అడ్డంగా ఉండే సన్నటి గీతల్ని స్పైన్ టిక్స్ అంటారు. గీత మీద రంగు లేచిపోయి తెల్లకాగితం కనిపిస్తోందా లేదా అన్నది ముఖ్యం. రంగు చెదరని నొక్కు ప్రెస్సింగులో, అంటే నొక్కి చదును చేయించడంలో, పోవచ్చు, రంగు లేచింది పోదు.

తర్వాత పిన్నులు. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఉన్న పుస్తకాలకి మొదటి దెబ్బ ఇక్కడే తగులుతుంది. పిన్ను తుప్పు పట్టి, ఆ గోధుమ రంగు చుట్టూ కాగితంలోకి పాకుతుంది. ఆ పిన్ను తీసి కొత్తది కొట్టకండి, అది మరమ్మతు కింద లేబులు మీదకెక్కుతుంది. మధ్య పేజీ రెండు పిన్నులకీ పట్టుకుని ఉందో లేదో చూసి, పేజీలన్నీ లెక్కపెట్టండి. 1970, 80ల్లో వచ్చిన కొన్ని కాపీల మధ్యలో మార్క్ జ్యూయలర్స్ అనే నగల దుకాణం ప్రకటన మందపాటి కాగితం మీద వేరేగా కుట్టి ఉంటుంది. అది పరాయి కాగితమనుకుని పీకేయకండి. కొందరు కలెక్టర్లు ప్రత్యేకంగా ఆ కాపీల కోసమే వెతుకుతారు.

మరమ్మతు పసిగట్టడానికి మూడు చోట్లు చూడాలి. అట్ట లోపలి వైపు తిప్పి వెలుతురుకి పట్టండి, మార్కరుతో రంగు దిద్ది ఉంటే సిరా వెనక్కి ఊరి మచ్చలా కనిపిస్తుంది. అంచులు చూడండి, పాత పుస్తకంలో అట్ట లోపలి కాగితాల కంటే కొంచెం బయటికి ఉంటుంది. మూడు వైపులా కత్తితో కోసినట్టు ఒకే గీతలో ఉంటే, చివికిన అంచుని ఎవరో కత్తిరించి ఉండొచ్చు. ఇక నల్లలైటు అనే అతినీలలోహిత టార్చి కింద, కొత్త జిగురూ కొత్త కాగితమూ చాలాసార్లు మిగతా పుస్తకం కంటే వేరుగా మెరుస్తాయి.

చూసినదంతా రాసుకుని, మీకు తోచిన గ్రేడు వేసి, దానికి ఒక మెట్టు కిందిది నిజమనుకోండి. సొంత పుస్తకం మీద ప్రేమ అరమార్కు ఎక్కువే వేయిస్తుంది.

లెక్క వేసి చూడండి

అంకెలు ఉదాహరణకే. స్లాబు లేని మీ పుస్తకం 50 డాలర్లకి పోతుందనుకుందాం. అమ్మకం కమిషను 13 శాతం పోతే చేతికొచ్చేది దాదాపు 43. గ్రేడింగుకి 30, ప్రెస్సింగుకి 20, రానూపోనూ పోస్టేజీలో ఈ పుస్తకం వంతు 15, మొత్తం ఖర్చు 65. 9.8 వచ్చి 160కి పోతే కమిషను, ఖర్చు పోను 74 మిగులుతుంది. అంటే 30 డాలర్లు లాభం. 9.6 వచ్చి 90కి పోతే 13 మిగులుతుంది. గ్రేడింగ్ చేయించకుండా ఉంటే వచ్చేదానికంటే 30 తక్కువ. అంటే సగానికి పైగా పుస్తకాలు 9.8 తెచ్చుకుంటాయన్న నమ్మకం ఉంటేనే ఆ కట్ట పంపాలి. సీజీసీలో ప్రీస్క్రీన్ అనే ఏర్పాటుంది. ఫలానా గ్రేడు రానివి స్లాబు చేయకుండా, చిన్న రుసుము తీసుకుని తిరిగిచ్చేయమని ముందే చెప్పొచ్చు. ఒకే కొత్త సంచిక కాపీలు ఎక్కువగా ఉన్నవాళ్లకి అది బాగా కలిసొస్తుంది.

ఫీజు పుస్తకం కాలాన్నీ విలువనీ బట్టి మారుతుంది. సీజీసీలో 1975 నుంచి వచ్చినవి మోడర్న్ తరగతి, అంతకు ముందువాటికి ఫీజు ఎక్కువ. ప్రతి తరగతికీ విలువ పరిమితి ఉంటుంది. తక్కువ ఫీజు కోసం విలువ తగ్గించి రాస్తే రెండు నష్టాలు. వాళ్లు తరగతి మార్చి తేడా వసూలు చేయొచ్చు, దారిలో పుస్తకం పోతే పరిహారం మీరు రాసిన అంకెకే వస్తుంది. రేట్లు తరచూ మారతాయి కాబట్టి ఫారం నింపే రోజునే చూసుకోండి. కంపెనీ సభ్యత్వం ఖర్చు, డబ్బు తీసుకుని మీ తరఫున పంపే డీలరు ద్వారా వెళ్తే అతని వంతు, తిరుగు పోస్టేజీ కలపడం మరచిపోకండి.

ప్రెస్సింగు అంటే తేమ, వేడి, ఒత్తిడితో నొక్కుల్ని చదును చేయడం. సీజీసీ దీన్ని మరమ్మతుగా చూడదు. కానీ ఇంట్లో ఇస్త్రీపెట్టెతో ప్రయత్నించకండి. వేడి ఎక్కువైతే అట్ట మెరుపు పోతుంది, తేమ ఎక్కువైతే కాగితం అలలు తేలుతుంది, పిన్నుల చుట్టూ తుప్పుంటే మరక ఇంకా పరుచుకుంటుంది.

కట్ట కట్టడం

ఒక్కో పుస్తకాన్ని ఆమ్లం లేని అట్టముక్కతో పాటు కొత్త కవరులో పెట్టండి. కవరు మూత వెనక్కి మడిచి టేపు వేసేటప్పుడు, టేపు కొసని లోపలికి చిన్నగా మడవండి, తీసేవాళ్లకి పట్టు దొరుకుతుంది. ఇది చిన్న విషయంగా కనబడుతుంది కానీ, పుస్తకం బయటికి లాగేటప్పుడు టేపు అట్టకి అంటుకుని రంగు ఊడిరావడం వల్ల పోయే గ్రేడులు ఎన్నో. పేర్చిన పుస్తకాల కింద ఒకటి, పైన ఒకటి, పుస్తకం కంటే అన్ని వైపులా కొంచెం పెద్దవైన గట్టి కార్డుబోర్డు పలకలు పెట్టి టేపు చుట్టండి, మరీ బిగించి అంచులు వంచకుండా. దాన్ని ఒక పెట్టెలో, ఆ పెట్టెని ఇంకో పెట్టెలో పెట్టి, మధ్య ఖాళీ అంతా నింపండి. ఊపితే లోపల ఏదీ కదలకూడదు. పుస్తకాల జాబితాని ఫారంలో రాసిన వరసలోనే పేర్చండి. కట్టడానికి ముందు ప్రతి అట్టనీ ముందూ వెనకా ఫొటో తీసి పెట్టుకోండి.

ఆంధ్ర, తెలంగాణల నుంచి పంపేవాళ్లకి రెండు వైపులా కొరియరు, కస్టమ్స్ కలిసి ఫీజు కంటే ఎక్కువైపోవచ్చు. అమెరికాలో అన్నయ్యో మేనకోడలో ఉంటే, వాళ్లు వచ్చి వెళ్లేటప్పుడు చేతి సంచిలో పంపి, అక్కడి చిరునామా నుంచి కంపెనీకి వేయించడం మేలు. చెకిన్ సామానులో మాత్రం వద్దు. కొరియరులోనే పంపాల్సి వస్తే, గ్రేడింగు కోసం పంపుతున్నామని, తిరిగి వస్తాయని ఇన్‌వాయిసులో స్పష్టంగా రాసి, ఆ కాగితాలు దాచండి. తిరిగొచ్చేటప్పుడు అవి మీ సొంత పుస్తకాలేనని చూపించడానికి అవే ఆధారం.

తెలుగు ఇళ్లలో పాత చందమామలు ఉన్నవాళ్లు తరచూ అడుగుతారు, 1947 జులైలో పత్రిక మొదలైన నాటి నుంచి వచ్చిన సంచికల్ని కూడా స్లాబు చేయించాలా అని. వద్దనే మా సలహా. చాలా కాపీలు బైండు చేయించి ఉంటాయి కాబట్టి అంచులు కోసి, వెన్నుకి దారం రంధ్రాలు పడి ఉంటాయి, గ్రేడు కిందకే పడుతుంది. పైగా వాటిని కొనేవాళ్లు చదవడానికి కొంటారు, సీలు వేసిన పెట్టెలో దాచడానికి కాదు.

స్లాబు చేతికొచ్చాక

లేబులు మీది నంబరుని కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి, సంచిక, గ్రేడు సరిపోయాయో చూడండి. 2023 చివర్లో కొందరు సీజీసీ స్లాబులు తెరిచి లోపల తక్కువ గ్రేడు పుస్తకం పెట్టి మార్చిన సంగతి బయటపడింది. అందుకే బయట స్లాబు కొనేటప్పుడు వెబ్‌సైట్ ఫొటో ఉంటే, అట్ట మీది చిన్న చిన్న గుర్తుల్ని లోపలి పుస్తకంతో పోల్చండి. పెట్టె అంచుల్లో తెల్లగా పగిలిన చోట్లు ఉంటే అనుమానించండి. ప్లాస్టిక్ మీద నూనె తేలినట్టు హరివిల్లు రంగుల వలయాలు కనిపిస్తే భయపడక్కర్లేదు. అది ప్లాస్టిక్ పొరలు ఒకదానికొకటి ఆనడం వల్ల వచ్చేది, పుస్తకానికి హాని లేదు. పుస్తకం లోపల కదులుతూ మూలలు పెట్టెకి తగులుతుంటే మాత్రం వెంటనే ఫొటోలతో కంపెనీకి రాయండి.

స్లాబుకి సీలుంటుంది కానీ గాలి చొరబడనంత కాదు. నిలువుగా నిలబెట్టి, ఎండ పడని చోట, వంటగదికీ ఏసీ నీళ్లు కారే గోడకీ దూరంగా పెట్టండి. కోస్తా ఊళ్లలో వానాకాలమంతా డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, నెలకోసారి మార్చండి.