పాత లీవర్ యాక్షన్ రైఫిల్ కొనేముందు దాని జబ్బేంటో తెలుసుకోండి

ట్రిగ్గర్ దగ్గరి లీవర్ ఆడిస్తే తూటా ఎక్కే పాత లీవర్ యాక్షన్ రైఫిళ్ల మీద మనసు పడ్డవాళ్లకి నేను ముందుగా చెప్పేది, ప్రతి మోడల్‌కీ దానిదైన జబ్బొకటి ఉంటుంది, అది తెలిసి కొంటే సుఖం, తెలియక కొంటే తుపాకులు బాగుచేసే గన్‌స్మిత్ చుట్టూ తిరగడమే. జబ్బుంది కదా అని వదిలేయమని నేను అనను. ఏది సర్దుకునే జబ్బో, ఏది ప్రాణం మీదకి తెచ్చేదో వేరు చేసి చూడటం వస్తే చాలు, వందేళ్ల నాటి రైఫిల్‌ని కూడా నిశ్చింతగా వాడుకోవచ్చు.

అన్నిటికంటే ముందు ట్యూబ్ మ్యాగజైన్, అంటే తూటాలు వరసగా నిలిచే గొట్టం సంగతి. లీవర్ నాలుగుసార్లు ఆడించాం, ఏమీ బయటికి రాలేదు, కాబట్టి ఖాళీ అనుకోవడం చాలా ప్రమాదం. బ్యారెల్ కింద ఉండే ఆ ట్యూబ్‌కి ఎక్కడైనా సొట్ట పడినా, లోపల మురికి గట్టిపడినా తూటా మధ్యలోనే ఇరుక్కుపోతుంది. గన్ షోలో కొన్న ఒక రైఫిల్ ఇంటికి తెచ్చి, ట్యూబ్ చివర మూత విప్పి స్ప్రింగూ, దాని వెనక ఉండి తూటాలని నెట్టే ఫాలోవరూ బయటికి లాగితే, ఒక తూటా మెల్లగా జారి నా అరచేతిలో పడింది. ఇత్తడి మీద ఆకుపచ్చ చిలుము, తూటా అడుగున నిప్పు రాజేసే ప్రైమర్ మాత్రం చెక్కుచెదరలేదు. అమ్మినాయన నా కళ్లముందే లీవర్ ఆడించి ఖాళీ అని చూపించాడు, అబద్ధం చెప్పాలని కాదు, ఆయనకీ తెలియదు. అప్పటినుంచి లీవర్ తెరిచి, టార్చ్ వేసి, ట్యూబ్ నోట్లో ఫాలోవర్ కొన కనిపించాలి, వేలితో నొక్కితే స్ప్రింగ్ తిరిగి తన్నాలి, అప్పుడే ఖాళీ అని నమ్ముతాను.

తర్వాత డమ్మీ రౌండ్లు, అంటే మందు లేని ఉత్తుత్తి తూటాలు. ఆ క్యాలిబర్‌వి ఒక అరడజను జేబులో వేసుకుని వెళ్లండి, అమ్మేవాళ్ల అనుమతి అడిగి ట్యూబ్‌లో నింపి లీవర్ ఒకసారి నెమ్మదిగా, ఒకసారి గట్టిగా చివరిదాకా ఆడించండి. సగంలో వెనక్కి తెస్తే ఖాళీ కేసు బయటికి పడదు, అది రైఫిల్ తప్పు కాదు, మన చేతి తప్పు. లీవర్ రైఫిల్‌కి మొహమాటం పనికిరాదు, చివరిదాకా తోసి చివరిదాకా లాగాలి. హ్యామర్‌ని హాఫ్ కాక్‌లో, అంటే సగం వెనక్కి లాగిన స్థితిలో నిలిపి బొటనవేలితో ముందుకి నెట్టి చూడండి. అది జారిందంటే లోపల గాడి అరిగిపోయినట్టే. అది బాగయ్యేదాకా అందులో తూటా పెట్టొద్దు.

మార్లిన్ రైఫిళ్ల జబ్బుకి ఏకంగా మార్లిన్ జామ్ అనే పేరే పడింది. లీవర్ కొనలో క్యారియర్‌ని (తూటాని పైకి ఎత్తే భాగాన్ని) పైకి తోసే అంచు పదునుగా ఉంటే, తోసినప్పుడల్లా క్యారియర్ అడుగుని కొంచెం కొంచెం గీరుతూ పోతుంది. కొన్నాళ్లకి అక్కడ గాడి పడుతుంది, క్యారియర్ లేవాల్సిన ఎత్తు తప్పుతుంది, ఒక తూటా పైకి వెళ్తుండగానే వెనకాల తూటా జారి వచ్చి క్యారియర్ కింద ఇరుక్కుంటుంది, ఇక లీవర్ అటూ పోదు ఇటూ రాదు. బలం పెట్టి లాగితే లోపల ఉన్నది నిజం తూటా అని మర్చిపోయినట్టే. కొనేముందు అమ్మేవాళ్లు ఒప్పుకుంటే లీవర్ స్క్రూ ఒక్కటి తీసి లీవర్ బయటికి లాగండి, ఆ కొన మీద గోరు పెట్టి గీయండి. గోటికి కత్తిలా తగిలితే ఈ జబ్బు రాబోతోందని అర్థం. తిరగేసి చూస్తే క్యారియర్ అడుగున సన్నటి మెరిసే గీత మాత్రమే ఉందంటే ఫర్వాలేదు, ఆ అంచుని గన్‌స్మిత్ చేత కాస్త గుండ్రంగా నున్నగా చేయిస్తే సరిపోతుంది. గోరు దిగేంత గాడి ఉంటే క్యారియర్ కూడా మార్చాలి, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడగండి.

వించెస్టర్ 94 విషయంలో అందరూ అడిగేది 1964కి ముందుదా తర్వాతదా అని. ఆ ఏడాది కంపెనీ ఖర్చు తగ్గించుకోవడానికి ఘనమైన పిన్నుల బదులు బోలు పిన్నులు, తూటాని పైకెత్తే చెక్కిన లిఫ్టర్ బదులు రేకు లిఫ్టర్ పెట్టింది, రిసీవర్ (లోపలి భాగాలని పట్టి ఉంచే లోహపు పెట్టె) లోహం కూడా మార్చింది. అవి బాగానే పనిచేస్తాయి, వేటకి పనికొస్తాయి, అందులో సందేహం లేదు. కానీ ఆ రిసీవర్ మీద పూత లేస్తే మామూలు బ్లూయింగ్ (లోహం మీద వేసే నీలి నలుపు పూత) సరిగ్గా పట్టదు, కాబట్టి పూత పాడైనదాన్ని "తర్వాత బాగు చేయిద్దాంలే" అని కొనకండి.

ఇంకా పాతవాటిలో అసలు ప్రమాదం జామ్ కాదు, బలం. వించెస్టర్ 1873 మోడల్‌ది టాగుల్ లింక్, అంటే కీళ్లతో మూసుకునే బిగింపు, పాతకాలపు నల్ల తుపాకి మందు (బ్లాక్ పౌడర్) పీడనానికి చేసింది. జాన్ బ్రౌనింగ్ గీసిన 1892 మోడల్‌లో రెండు నిలువు లాకింగ్ దిమ్మెలుంటాయి. రెండింటిలోనూ .44-40 తూటాకి చేసినవి ఉన్నాయి, కానీ 1892 తట్టుకునే గట్టి లోడు 1873లో పెడితే ముప్పే. తూటా దూరినంత మాత్రాన ఆ రైఫిల్‌కి సరిపడినట్టు కాదు. ట్యూబ్ మ్యాగజైన్‌లో మొన తేలిన బులెట్లు అసలే వద్దు, ఒకదాని మొన ముందుదాని ప్రైమర్‌కి ఆనుకుని ఉంటుంది.

శావేజ్ 99లో గుండ్రంగా తిరిగే మ్యాగజైన్ కాబట్టి ఆ బాధ లేదు. దాంట్లో టాంగ్ (రిసీవర్ నుంచి చెక్కలోకి వెళ్లే లోహపు నాలుక) వెనక చెక్క చీలిందేమో చూడండి. .300 శావేజ్, .303 శావేజ్ వేర్వేరు తూటాలు, బ్యారెల్ మీద రాసింది రెండుసార్లు చదవండి. .30-06లో ఉన్న వించెస్టర్ 1895 అయితే హెడ్‌స్పేస్ (మూసిన బోల్ట్‌కీ తూటాకీ మధ్య సందు) కొలిచే గేజ్ పెట్టి చూపించకుండా పేల్చొద్దు, వాటిలో అది సాగడం తెలిసిన విషయమే.

చట్టం సంగతి. అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లో గానీ అంతకుముందు గానీ తయారైనవి యాంటిక్, రాష్ట్రాల నిబంధనలు వేరుగా ఉంటాయి, అవి చూసుకోండి. 50 ఏళ్లు దాటిన రైఫిళ్లు సేకరించేవాళ్లకి క్యూరియో అండ్ రెలిక్ లైసెన్స్ ఉంది, మూడేళ్లకి 30 డాలర్లు, ప్రతి కొనుగోలూ అమ్మకమూ పుస్తకంలో రాయాలి. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్లకి మామూలుగా తుపాకీ ఉంచుకోవడం నిషేధం, చెల్లుబాటయ్యే వేట లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, లాయర్‌ని అడక్కుండా అడుగు వేయకండి. వించెస్టర్ పాత రికార్డులు వయోమింగ్‌లోని కోడీ ఫైర్‌ఆర్మ్స్ మ్యూజియంలో ఉన్నాయి. రికార్డు దొరికే సీరియల్ నంబర్ అయితే ఉత్తరం తెప్పించుకోండి, అమ్మేవాళ్ల కథలకంటే అది నయం.

ఇంటికొచ్చాక మెరుగు పెట్టించకండి, మళ్లీ బ్లూయింగ్ చేయించకండి, విలువంతా ఆ పాత రంగులోనే ఉంది. స్క్రూలకి సరిగ్గా సరిపోయే గన్‌స్మిత్ స్క్రూడ్రైవర్లే వాడండి, ఒక్కసారి తల చెదిరితే జన్మంతా కనిపిస్తుంది. తోలు ఒరలో దాచొద్దు, తుప్పు పడుతుంది. బీరువాలో బ్యారెల్ మూతి కిందికి ఉండేలా నిలబెట్టండి, లేకపోతే నూనె కారి బట్ చెక్కలోకి ఇంకి టాంగ్ దగ్గర మెత్తబరుస్తుంది. మార్చిన ప్రతి పాత భాగాన్నీ చిన్న సంచిలో వేసి, సీరియల్ నంబరూ తేదీ రాసి రైఫిల్‌తోనే ఉంచండి. నా దగ్గర అరిగిపోయిన క్యారియర్ ఒకటి అలాగే సంచిలో ఉంది, తర్వాత ఆ రైఫిల్ ఎవరి చేతికి వెళ్లినా అదీ దానితోనే వెళ్తుంది.